నూరు అడుగుల తాడు

స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ పాసైన నాకు దొరికిన మొదటి పని, బండ లాగే ఎద్దుల వెనక తాడు పట్టుకొని పరుగెత్తడం. జీతం లేదు. మధ్యాహ్నం భోజనం ఉండేది, అదీ గెలిచిన జత ఎవరిదో తేలాక. నా చదువుకు ఇంతకన్నా దగ్గరి ఉద్యోగం ఆ రోజుల్లో ఆదోనిలో గానీ యెమ్మిగనూరులో గానీ లేదు. నిజం చెప్పాలంటే పాసవక ముందు మూడేళ్ళ నుంచీ ఆ పనిలోనే ఉన్నాను. పాసయ్యాక వచ్చిన తేడా ఒక్కటే, అంతవరకు "ఒరే" అన్నవాళ్ళు "సారూ" అనడం మొదలుపెట్టారు. పరుగు అదే.

డెబ్బైలు అయిపోవస్తున్న కాలం. మాది యెమ్మిగనూరు, నేతపని ఇల్లు. ఆదోనిలో ఒక ట్యుటోరియల్‌లో ఇంటరు తప్పిన పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి. మిగతా సమయంలో అప్లికేషన్లు పెట్టేవాణ్ణి. ఆదోనిలో ఉంటే యెమ్మిగనూరు ఇంటికి ఇంటర్వ్యూ కార్డు వచ్చి ఉంటుందేమో అనిపించేది. యెమ్మిగనూరుకు పోతే ఆదోని రూముకు వచ్చి ఉంటుందేమో అనిపించేది. బస్సు కండక్టర్లకు నా ముఖం అలవాటైపోయింది. ఒకాయన ఓసారి, "ఏమప్పా, నువ్వేమన్నా మా డిపోలో పనిచేస్తాండావా?" అని అడిగాడు. పనిచేసి ఉంటే బాగుండేది.

ఆ రెండు ఊళ్ళకూ మధ్య ఒక పల్లె. పేరెందుకులెండి, అక్కడ నాకు తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఉగాది మరునాడు అక్కడ బండలాగుడు పందెం జరిగేది. జత ఎద్దుల కాడికి గొలుసుతో రాతి బండను తగిలిస్తారు. పావుగంటలో అది ఎంత దూరం కదిలితే అంత. చేనులో రెండు జెండాలు, మధ్య దూరం రెండు వందల అడుగులు. ఈ జెండా నుంచి ఆ జెండాకు, మళ్ళీ వెనక్కి. ఈల వేసేటప్పటికి బండ ఎక్కడుంటే అక్కడి నుంచి జెండా వరకు తాడుతో కొలిచి, అంతకుముందు తిరిగిన రౌండ్లకు కలిపి, పుస్తకంలో రాయాలి. జెండాలు పాతేదీ ఆ తాడు కొలతతోనే.

తాడు సంగతి చెప్పాలి, కథంతా దానిదే. అది నూరు అడుగుల నూలు తాడు. యెమ్మిగనూరు నేతవాళ్ళు నూలు పేని ఆ పల్లెకు మొక్కుబడిగా ఇచ్చింది. పదేసి అడుగులకు ఒక ఎర్రదారపు ముడి. ఏటా పందెం ముందు దానికి పసుపూ కుంకుమా పెట్టి దండం పెట్టేవారు. పందెం అయ్యాక దాన్ని భద్రంగా దాచడం నా బాధ్యత. ఇనుప టేపు వాడొచ్చు కదా అని మొదట్లో అడిగాను. "ఇనుము పసుపు పట్టదప్పా," అన్నారు. ఆ వాదనకు మా సిలబస్‌లో జవాబు లేదు.

పుస్తకం మాత్రం నా సొంత ఆలోచన. కాలేజీలో మాకు ఒక పాత అమెరికా పాఠ్యపుస్తకం ఉండేది. అందులో సగటు చెప్పాలన్నా, తేడాలు చెప్పాలన్నా ఉదాహరణలన్నీ బేస్‌బాల్ నుంచే. ఆ ఆట ఎట్లా ఆడతారో మా లెక్చరరుకూ తెలియదు. ఎవరు ఎన్నిసార్లు బంతిని కొట్టారో ఏళ్ళ తరబడి రాసిపెట్టుకుంటారని మాత్రం అర్థమైంది. వాళ్ళు మనుషులకు రాసినప్పుడు మనం ఎద్దులకు రాయకూడదా అనుకొని అర్ధరూపాయి నోటుబుక్కు ఒకటి తీసి, ప్రతి జతకూ ఒక పేజీ ఇచ్చాను. అంతకుముందు గెలిచినవాళ్ళ దూరం గోడ మీద బొగ్గుతో రాసేవారు. వాన పడితే చరిత్ర పోయేది.

నాలుగో ఏట, డిగ్రీ వచ్చిన ఉత్సాహంలో, ఇంకో పని కూడా చేశాను. తాడు పసుపు, కుంకుమ, పేడ, మట్టి కలిసి నల్లగా అయిపోయింది. ముడులు కనబడటం లేదు. కొలత పరికరం శుభ్రంగా ఉండాలని ఎక్కడో చదివాను. ఇంట్లో నీళ్ళు కాచే రాగి హండాలో బట్టల సోడా వేసి, తాడును బాగా ఉడకబెట్టి, ఉతికి, మిద్దె మీద ఆరేశాను. మల్లెపువ్వులా వచ్చింది. పందెం రోజు చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. "చదువుకున్నోడి చేతిలో తాడు గూడా చదువుకున్నట్టు ఉండాది," అన్నాడు పందెం కమిటీ పెద్దాయన.

ఆ ఏడు గెలిచింది హొళగుంద పక్క పల్లె నుంచి వచ్చే ఒక ముస్లిం రైతు జత. అందరూ ఆయన్ను సాయిబన్న అనేవారు. వానాధారం మీద కొర్రా జొన్నా పండించుకునే మనిషి. మూడేళ్ళుగా వస్తున్నాడు, ఎప్పుడూ రెండో స్థానమో మూడో స్థానమో. మొదటి స్థానం ఆదోని పత్తివ్యాపారి ఒకాయనది. ఆయన గిత్తలకు పత్తిగింజలకు కొదవ లేదు. కానీ ఆ ఏడు వ్యాపారి గిత్తల్లో ఒకటి గిట్టలో ముల్లు విరిగి మధ్యలోనే ఆగిపోయింది. సాయిబన్న గెలిచాడు.

అక్కడితో అయిపోయేది. నేను గొంతెత్తి దూరం చదివాను. రెండు వేల అయిదు వందల ఎనభై అడుగులు.

వ్యాపారి చేతిలోని సోడా సీసా ఆగిపోయింది.

"ఎంతన్నావు?"

మళ్ళీ చదివాను.

"పోయినేడు మా జత మంచిగున్నప్పుడు లాగింది రెండువేల అయిదొందల అరవై. ఈన గిత్తలు మా లెక్కనే దాటినాయా?" అని సాయిబన్న వైపు తిరిగాడు. "ఏం తాపినావన్నా?"

"నీళ్ళు తాపినాను సేటూ."

"నీళ్ళు మావీ తాగుతాండాయి. నీ గిత్తలు యేనాడన్నా రెండున్నర వేలు చూసినాయా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, తర్వాత ఆలోచించారు. పందెపు ఎద్దులకు సారాయి తాపుతారని, పశువుల కాంపౌండరుతో సూదులు వేయిస్తారని మా వైపు వినబడే మాటే. వినబడటమే గానీ ఎవరూ పట్టుకున్నది లేదు. ఎద్దు నోరు వాసన చూడబోతే కొమ్ము అడ్డం వస్తుంది.

ఇట్లాంటి తగువు తీర్చడానికి అక్కడొక పద్ధతి ఉండేది. అనుమానం వచ్చిన జత యజమాని అందరి ముందు తన గిత్త నొసటి మీద కుడిచెయ్యి పెట్టి, "మేత తప్ప దీనికి ఇంకేమీ పెట్టలేదు, పెట్టింటే ఇది నా కండ్ల ముందరే పడిపోనీ," అనాలి. అంతే. ఆ మాట వచ్చాక ఇంకెవరూ నోరెత్తకూడదు. కొడుకు మీద ఒట్టేసేవాళ్ళు మా వైపు బాగానే దొరుకుతారు. గిత్త మీద వేసేవాళ్ళు తక్కువ.

మరునాడు పొద్దున చావడిలో కూర్చున్నప్పుడు సాయిబన్న అదే అడిగాడు.

"గిత్తను తోలుకొచ్చినాను పెద్దయ్యా. చెయ్యి పెడతాను. నాకు పోయి పని ఉండాది."

పెద్దాయన సరే అనబోయాడు. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నాలుగేళ్ళు రాసిన పుస్తకాన్ని మొదటిసారి ఎవరైనా అడుగుతారేమోనని ఆశ కావచ్చు. వాళ్ళు అడగలేదు. నేనే చెప్పాను.

"ప్రమాణం ఎందుకు పెద్దయ్యా? పుస్తకం ఉంది. పుస్తకం అబద్ధం చెప్పదు."

రాత్రికి రాత్రి గీసిన గ్రాఫు కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాను. సాయిబన్న జత నాలుగేళ్ళ దూరాలు, నాలుగు చుక్కలు. మొదటి మూడూ ముప్పై అడుగుల తేడాలో పక్కపక్కనే ఉన్నాయి. నాలుగోది వంద అడుగులకు పైనే ఎగిరి, ఎక్కడో ఒంటరిగా ఉంది.

పెద్దాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇదేందప్పా, చీమలా?"

"చుక్కలు పెద్దయ్యా."

"మూడు చీమలు ఒక తాన ఉండాయి. నాలుగో చీమ యాడికి పోతాంది?"

అప్పుడు నేనొక మాట అన్నాను. నా నోటి నుంచి అంతకుముందు వందల జోకులు వచ్చాయి, ఏదీ ఎవరికీ అన్నం పెట్టలేదు, ఎవరిదీ లాక్కోలేదు. "సారాయంగడికి," అన్నాను.

చావడి గొల్లుమంది. పెద్దాయన కూడా నవ్వాడు. వ్యాపారి ఎడమచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. సాయిబన్న నవ్వలేదు.

"పుస్తకానికి నేనేం తాపలేదు కదప్పా," అన్నాడు నాతో. "దానికేం తెలుస్తాది? నన్ను చెయ్యి పెట్టనీ."

"కాలం మారింది సాయిబన్నా," అన్నాడు పెద్దాయన. "సారు లెక్కేసి చెప్పినాక ఇంగ ప్రమాణమేంటికి?"

బహుమానం రెండో జతకు పోయింది. మందు లేదని తేలేదాకా సాయిబన్న జత పందేనికి రాకూడదన్నారు. ఎట్లా తేలుతుందో ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆయన గిత్తను తోలుకొని బయటికి పోతుంటే వెనక నుంచి ఎవరో, "నాలుగో చీమ పోతాందిరో!" అని అరిచారు.

ఆ పేరు నిలిచిపోయింది. నెల తిరక్కుండానే చుట్టుపక్కల పందేల్లో కూడా "నాలుగో చీమ జత" అంటే తాగుబోతు గిత్తలని అర్థం. మిగతా పల్లెలవాళ్ళూ ఆయన్ను రానివ్వలేదు. ఆ జతలో పెద్ద గిత్తకు వయసు మీద పడుతోంది. ఇంకో ఉగాది, మహా అయితే రెండు. ఆ లోపల పేరు బాగుపడకపోతే అది తాగుబోతుగానే ముసలిదవుతుంది. ఈ సంగతి నాకు ఆదోని బస్టాండులో ఎవరో చెప్పారు. విని, జోకు అంత దూరం పోయిందా అని కొంచెం గర్వపడ్డాను కూడా. అది దాచను.

తొమ్మిది నెలలు గడిచాయి. ఎట్టకేలకు ఒక ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. ఆదోనిలో ఒక టైలరు దగ్గరికి ప్యాంటు గుడ్డ పట్టుకుపోయాను. మా నాయన మగ్గం మీదే నేసిన గట్టి కాటన్. టైలరు దాన్ని చేత్తో నలిపి చూశాడు.

"తడిపి తెచ్చినావా భాయ్?"

"ఏంటికి?"

"ఏంటికంటావేంది? కోరా గుడ్డ. తడపకుండా కుడితే మొదటి ఉతుకుకే మోకాళ్ళకాడికొస్తాది. ఇంటర్వ్యూలో సార్లు నీ సర్టిఫికెట్లు చూడరు, పిక్కలు చూస్తారు."

"ఎంత ముడుచుకుంటుంది?"

"గజానికి రెండంగుళాల దాకా పోతాది. ఉడకబెడితే ఇంగా గట్టిగా పట్టుకుంటాది."

"నూరడుగులకు ఎంత పోతుంది?" అని అడిగాను.

టైలరు నా నడుం చుట్టూ వేయబోయిన టేపు దించేశాడు. "నూరడుగుల ప్యాంటు యెవురికి భాయ్?"

గుడ్డ అక్కడే వదిలేసి యెమ్మిగనూరు బస్సెక్కాను. దారి పొడుగునా తొడ మీద వేలితో భాగహారం చేస్తూ కూర్చున్నాను. పక్కనున్నాయన రెండుసార్లు జరిగి, తర్వాత సీటే మారాడు. ఇల్లు చేరి, అటక మీద నుంచి తాడు దించి, వీధిలో పరిచి, మా నాయన గజం కడ్డీతో కొలిచాను. తొంభై అయిదు అడుగులు, పైన కొన్ని అంగుళాలు. ఇంకోసారి కొలిచాను. మూడోసారి కూడా. మూడుసార్లూ ఒకటే. అంత కచ్చితంగా కొలిచింది జీవితంలో ఆ రోజే.

మా నాయన మగ్గం గుంటలో నుంచి తల ఎత్తి చూశాడు.

"ఏమిరా అది?"

"పందెం తాడు. ఉతికినాను పోయిన ఉగాదికి."

"సన్నీళ్ళా, ఏణ్ణీళ్ళా?"

"ఉడకబెట్టినాను."

"సోడా?"

"వేసినాను."

"లాగి కట్టి ఆరేసినావా, వదులుగానా?"

"వదులుగా."

ఆయన మళ్ళీ పోగు విసిరే నాడె అందుకున్నాడు. నాలుగు పోగులు పడ్డాక అన్నాడు. "గుంటలో కాళ్ళు పెట్టుకోని పెరిగినావు కదరా. నూలు నీళ్ళు తాగితే ముడుచుకుంటాదని సిన్నపిల్లకు గూడా తెలుసు. డిగ్రీలో చెప్పల్యా?"

చెప్పలేదు. బేస్‌బాల్ గురించి చెప్పారు.

తాడు పొట్టిదైతే జెండాలు దగ్గరవుతాయి. రెండు వందల అడుగులని నేను రాసిన ప్రతి రౌండూ నిజానికి నూట తొంభై చిల్లర. ఎద్దులు ఎప్పటిలాగే లాగాయి, నా పుస్తకంలో మాత్రం ఎక్కువ లాగాయి. ఇదే నిజమైతే ఆ ఏడు సాయిబన్న జత ఒక్కటే పెరగకూడదు, అన్నీ పెరగాలి. పుస్తకం తీశాను. పాత జతలు సాయిబన్నది కాక ఏడు వచ్చాయి ఆ ఏడు. మధ్యలో ఆగిపోయిన వ్యాపారి జతను పక్కన పెడితే ఆరు. ఆరూ పెరిగాయి. ఒక్కటీ తగ్గలేదు. పెరిగింది కూడా దాదాపు అదే పాలు.

ఆరు పేజీలూ నేను నా చేత్తోనే రాశాను. ఒక్కటీ తిరగేసి చూడలేదు. అనుమానం ఉన్నవాడి పేజీ మాత్రం తీసి, చుక్కలు పెట్టి, చీమను చేశాను. మిగతా ఆరుగురు యజమానులకూ తమ దూరం పెరిగిందని తెలుసు. ఎవరూ అడగలేదు. తన గిత్త ఎక్కువ లాగితే అది మేత గొప్పదనం. పక్కవాడి గిత్త లాగితే మందు.

ఇంటర్వ్యూకు పాత ప్యాంటుతో పోయాను. వాళ్ళు ఏమడిగారో గుర్తు లేదు, నేనేం చెప్పానో వాళ్ళకూ గుర్తుండి ఉండదు. అక్కడి నుంచి నేరుగా హొళగుంద బస్సు.

సాయిబన్న గిత్తలు ఎరువు బండికి కట్టి ఉన్నాయి. ఆయన తట్టతో దిబ్బెరువు ఎత్తుతున్నాడు. నన్ను చూసి తట్ట దించలేదు.

"యారప్పా ఇది? చీమల సారా?"

తాడు, హండా, సోడా, ఆరు జతలు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పాను. ఆయన విన్నాడు. విన్నాక ఎరువు బండిలో వేసి, తట్ట దులిపాడు.

"అంటే ఇప్పుడు నీ పుస్తకం ఏమంటాది? నేను తాపలేదంటాదా?"

"అట్లా అనదన్నా. తాపినావని చెప్పేదానికి లేదంటుంది."

"తాపలేదని?"

"అదీ చెప్పేదానికి లేదు."

"మరి అది దేనికప్పా?"

మూడేళ్ళ డిగ్రీలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. దానికి బదులు నేనే ఇంకోటి అడిగాను.

"నువ్వు... తాపినావా అన్నా?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. "యేడాది తర్వాత అడుగుతాండావా? ఆ పొద్దు అడిగింటే చెప్పిందును. చెయ్యి పెడతాననింటే పెట్టనీయకపోతివి. ఇప్పుడు నేను చెప్పేది వద్దు, నువ్వు చెప్పేది వద్దు. ఉగాదికి గిత్తలు తోలుకొస్తాను. రానిస్తే రానిస్తారు."

ఉగాది మరునాడు పొద్దున్నే పల్లె చేరాను. అప్పటికే జనం ఉన్నారు. సాయిబన్న గిత్తలు చేను గట్టు మీద, కొంచెం దూరంగా. నేను అందరి ముందు తాడు పరిచి, గజం కడ్డీతో కొలిచి చూపించాను. తప్పు నాదని చెప్పాను. చీమ మాట కూడా నాదే, వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఆ రోజే నవ్వి ఉంటే నాకు కొంచెం ఊపిరాడేది.

వ్యాపారి తాడు కొన పట్టుకొని చూశాడు.

"తాడు యేడాదిగా యెవురింట్లో ఉండాది?"

"మా ఇంట్లో."

"పొట్టిగా ఉండాదని చెప్పేదెవురు?"

"నేనే."

"అంటే నువ్వే కోసి, ముడులు జరిపి తేలేదని ఏం నమ్మకం? సాయిబన్న ఊరికి పోయొచ్చినావంట గదా మొన్న?"

కొత్త తాడు తెప్పించండి, ఇక్కడే ఉడకబెట్టి చూపిస్తానన్నాను.

"పందెం పెట్టుకోని తాళ్ళు వండల్లనా?" అన్నాడు పెద్దాయన. చిరాకు పడ్డాడు. ఆయన నమ్మిన లెక్క ఆయన ముందే పొట్టిదైపోయింది. "ఒక్క మాట చెప్పప్పా. నువ్వు కావాలని చేయలేదని ప్రమాణం చేస్తావా?"

నా పుస్తకం చంకలోనే ఉంది. అందులో ఆరు జతల లెక్కలున్నాయి, ఒకటికి రెండుసార్లు సరిచూసినవి. ఎవరూ దాని వైపు చూడలేదు. అప్పుడు నాకు వేరే దారి కనబడలేదు. ఇంకా చెప్పాలంటే, ఆ మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది.

"చేస్తాను," అన్నాను.

"దేని మీద? నీకు గిత్త యాడిది?"

నిజమే. మాకు మగ్గం ఉంది. మగ్గం చచ్చిపోదు.

చేను గట్టు మీద నుంచి సాయిబన్న గొంతు వినబడింది. "నా పెద్ద గిత్త మీద పెట్టమను."

జనం దారి ఇచ్చారు. ఆయన గిత్తను పగ్గం పట్టి తెచ్చి నా ముందు నిలబెట్టాడు. "ఆలోచించుకో సారూ," అన్నాడు చిన్నగా. "అబద్ధమైతే పొయ్యేది నాది."

నాకు ప్రమాణాల మీద నమ్మకం లేదు. అయినా కుడిచెయ్యి చొక్కాకు తుడుచుకొని పెట్టాను. గిత్త నొసలు వెచ్చగా, గరుకుగా ఉంది. "ఈ తాడును నేను తెలిసి పొట్టి చేయలేదు. చేసుంటే ఇది నా కండ్ల ముందరే పడిపోనీ," అన్నాను. గిత్త కన్ను ఆర్పి తెరిచింది. పడలేదు. నేను చెయ్యి తీయబోతుంటే సాయిబన్న నా చెయ్యి పక్కనే తన చెయ్యి పెట్టాడు.

"నీకక్కర్లేదులే సాయిబన్నా, తేలిపోయింది కదా," అన్నాడు పెద్దాయన.

"పోయినేటి బాకీ," అన్నాడు ఆయన. అనాల్సిన మాట అన్నాడు. గబగబా అన్నాడు, తలుపు వేసుకునేవాడిలా.

ఆ క్షణంలో నా ముఖం గిత్త మూతికి జానెడు దూరంలో ఉంది. అది ఊపిరి వదిలింది. పులుపు వాసన. నానేసిన ఉలవలు రెండో రోజుకు పులుస్తాయి, అట్లాంటి వాసన వస్తుంది. సారాయి వాసన కూడా పులుపే. నేను నేతవాళ్ళ ఇంట్లో పుట్టాను, ఉలవలకూ సారాయికీ తేడా ఎద్దు నోట్లో పట్టగలిగేటంత అనుభవం లేదు. చుట్టూ చూశాను. మా ఇద్దరం తప్ప ఇంకెవరూ అంత దగ్గరగా లేరు.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. ఎనభైల్లో నాకు ఉద్యోగం వచ్చి ఊరు మారాక కూడా, ఎప్పుడు ఆదోని వచ్చినా బస్టాండులో హొళగుంద వైపు వాళ్ళను పట్టుకొని, "సాయిబన్న పెద్ద గిత్త ఎట్లుంది?" అని అడిగేవాణ్ణి. మనుషుల క్షేమం అడక్కుండా ఎద్దు క్షేమం అడుగుతాడేమని వాళ్ళు వింతగా చూసేవారు. "బాగుండాది," అనేవారు. నాకు ఒక పూట నెమ్మదిగా ఉండేది, అంతే. చాలా ఏళ్ళ తర్వాత, ఆ బేస్‌బాల్‌లో కొందరు మందులు వాడారని, పాత లెక్కలు చూసి పట్టొచ్చా లేదా అని అక్కడివాళ్ళు కొట్లాడుకుంటున్నారని చదివాను. వాళ్ళకో ఉత్తరం రాయాలనిపించింది. బంతిని ఎవరైనా ఉడకబెట్టారేమో కనుక్కున్నారా, అని.

ఆ రోజు పందెం జరిగింది. జెండాలు గజం కడ్డీతో కొలిచి పాతాం. కడ్డీ ఇనుపదే. దానికి పసుపు రాస్తే పట్టలేదు, రెండుసార్లు రాశారు. వ్యాపారి కొత్త జత తెచ్చి గెలిచాడు. సాయిబన్నది రెండో స్థానం. దూరం పాత మూడు చుక్కల మధ్యలోకి వచ్చి కూర్చుంది. గిత్తలు బయటికి వస్తుంటే ఎవరూ చీమ అనలేదు. ఒకాయన మాత్రం, "సాయిబన్న జత బాగా లాగినాది," అన్నాడు మామూలుగా, వాన పడిందన్నట్టు. సాయిబన్న ఆ మాట విననట్టే ఉన్నాడు గానీ పెద్ద గిత్త వీపు మీద చరిచాడు.

నేను గట్టు మీద కూర్చొని పుస్తకం రాసుకుంటున్నాను. ఆయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"రాసుకున్నావా సారూ?"

"రాసుకున్నానన్నా."

"ఏం రాసినావు?"

"రెండు వేల నాలుగొందల యాభై అయిదు."

"అంతేనా?"

తలెత్తి చూశాను. ఆయన నన్ను చూడటం లేదు. గిత్త మూతి తుడుస్తున్నాడు, తువ్వాలుతో, రెండుసార్లు.

"అంతే," అన్నాను.